మూడు రోజులు పాడుతుంది, నాలుగో రోజు మూగబోతుంది

తణుకు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. వారి అత్తగారికి ఎనభై ఒక్క ఏళ్లు. చూపు బాగా తగ్గిపోయింది. టీవీ చూడలేరు, ఫోను వాడలేరు. అయిదేళ్ల క్రితం అమెరికాలో ఉంటున్న చిన్న కొడుకు అక్కడ కొన్న ఒక వైఫై స్పీకరు తెచ్చి, దాని మీద ఉన్న ఆరు బటన్లలో మొదటిదానికి ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని, రెండోదానికి అన్నమయ్య కీర్తనలను, మూడోదానికి పాత సినిమా పాటలను అమర్చి వెళ్లారు. ఆవిడ వేలితో తడుముకుని బటన్ నొక్కుకుంటారు. పొద్దున భక్తిరంజనితో మొదలై రాత్రి నిద్రపోయే దాకా ఆ పెట్టే ఆవిడకు తోడు.

కిందటి నవంబరులో ఇంట్లో పాత కేబుల్ నెట్ తీసేసి ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నారు. అప్పటి నుంచి స్పీకరు పలకలేదు. సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు, అమెరికాలోని మరిదిని అర్ధరాత్రి నిద్రలేపి, ఆయన మెయిలుకు వచ్చిన కోడ్ చెప్పించుకుని, కొత్త వైఫై పేరూ పాస్‌వర్డూ ఎక్కించాడు. మూడు రోజులు పాడింది. నాలుగో రోజు నారింజ రంగు దీపం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టి ఆగిపోయింది. తర్వాత ఒకరోజు రెండు గంటలు కరెంటు పోయి వచ్చాక దానంతట అదే పాడింది. అయిదు రోజులకు మళ్లీ ఆగిపోయింది. రూటరు పై అంతస్తులో వారి భర్త పని చేసుకునే గదిలో ఉంది, స్పీకరు కింద వంటగది పక్కన అత్తగారి గదిలో ఉంది. దూరం ఎక్కువైందేమోనని స్పీకరును పైకి మోసుకెళ్లి రూటరు పక్కనే పెట్టినా కలవలేదు. అదే గదిలో ఇంట్లోవాళ్ల ఫోన్లు మాత్రం హాయిగా పనిచేస్తున్నాయి.

ఫైబర్ కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు స్పీకరు పాతబడిందన్నాడు, పోతూ పోతూ 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300కు మార్చుకోమని సలహా కూడా ఇచ్చాడు. ఊళ్లో రిపేరు షాపతను తన ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి గంటసేపు పాడించి, దీనికి ఏ జబ్బూ లేదని చెప్పి రెండు వందలు తీసుకున్నాడు. ఒక ఆదివారం రాత్రి వీడియో కాల్‌లో మరిది గారు ఓపిక నశించి, "వదినా, నేను చెప్పింది చెప్పినట్టు మీరు చేయడం లేదు" అన్నారట. ఆ తర్వాత మూడు వారాలుగా ఆయనకూ ఈవిడకూ మాటలు పొడిపొడిగానే ఉన్నాయి. భర్త ఆ పెట్టెను పక్కన పడేసి ఒక మామూలు రేడియో కొందామంటున్నారు. అత్తగారేమో "పోనీలే అమ్మా, నా గురించి మీరూ మీరూ తగువులాడుకోకండి" అని అడగడమే మానేశారు. "రీసెట్ చేయమని ఒకరు, పారేయమని ఒకరు, ప్లాన్ పెంచమని ఒకరు. ఎవరి మాట వినమంటారు?" అన్నది ఈవిడ ప్రశ్న.

అమ్మా, ముందుగా ఒక మాట. మీరు ఉత్తరంలో ఏ రోజు ఏం జరిగిందో వరుసగా రాశారు. వచ్చి చూసినవాళ్లలో ఒక్కరూ ఆ వరుసను మీ నోట విన్నట్టు లేదు. విని ఉంటే ఈ ముగ్గురిలో కనీసం ఇద్దరు తమ సలహా మార్చుకునేవారని నా అభిప్రాయం. అందుకని మీరు రాసిన సంగతులనే మళ్లీ ఒకసారి మీ ముందు పెడతాను.

రిపేరు షాపులో గంటసేపు పాడింది. అంటే స్పీకరులోని వైఫై భాగం చెడిపోలేదు. మీ ఇంట్లోనే మూడు రోజులు పాడింది, తర్వాత అయిదు రోజులు పాడింది. అంటే మేనల్లుడు ఎక్కించిన పేరూ పాస్‌వర్డూ సరైనవే, ఆ రూటరుకూ ఈ స్పీకరుకూ పుట్టుకతో పడకపోవడమంటూ ఏమీ లేదు. వైఫైకి తాళం వేసే భద్రతా పద్ధతి కుదరకపోతే ఒక్క నిమిషం కూడా కలిసేది కాదు. రూటరు పక్కనే పెట్టినా ఆ రోజు కలవలేదు. అంటే, కనీసం ఆ రోజుకు, దూరం కారణం కాదు. ఇక మిగిలిన సంగతి, అన్నిటికంటే విలువైనది, కరెంటు పోయి వచ్చాక ఎవరూ చేయి పెట్టకుండానే అది మళ్లీ పాడడం. కరెంటు పోయి వచ్చినప్పుడు స్పీకరు ఆగి మళ్లీ మొదలైంది, నిజమే. కానీ స్పీకరును ఆపి మళ్లీ పెట్టడం మీరు పదిసార్లు చేశానని రాశారు, దానివల్ల ఫలితం లేదు. ఆ రోజు కొత్తగా జరిగిందల్లా రూటరు కూడా ఆగి మళ్లీ మొదలవడం. కాబట్టి మారుతున్నది రూటరులో ఏదో ఒకటి. ఒక రోజు స్పీకరుకు నచ్చేట్టు, మరో రోజు నచ్చనట్టు మారేది ఏమిటి అన్నదే అసలు ప్రశ్న.

నా అనుమానం ఛానెల్ మీద. ఇది అర్థం కావాలంటే ఒక చిన్న సంగతి తెలియాలి. స్పీకర్ల వంటి పరికరాలు చాలావరకు వాడే వైఫై 2.4 గిగాహెర్ట్జ్ (అంటే 2400 మెగాహెర్ట్జ్) అనే పట్టీలో, అంటే బ్యాండ్‌లో నడుస్తుంది. రేడియోలో స్టేషన్లు డయల్ మీద వేర్వేరు చోట్ల ఉన్నట్టే, ఈ పట్టీలో కూడా ఛానెళ్లు ఉంటాయి. మొదటి ఛానెల్ మధ్యబిందువు 2412 మెగాహెర్ట్జ్ దగ్గర, ఆ తర్వాత అయిదేసి మెగాహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున పదకొండోది 2462 దగ్గర, పదమూడోది 2472 దగ్గర ఉంటాయి. మన దేశంలో పదమూడు ఛానెళ్లూ వాడుకోవచ్చు. ఈ పట్టీలో తక్కువ శక్తితో నడిచే పరికరాలకు లైసెన్సు అక్కరలేదని 2005లో నిబంధన కూడా వచ్చింది. అమెరికాలో మాత్రం ఆ పట్టీ పై అంచుకు ఆవల కాస్త కూడా సిగ్నల్ చిందకూడదని కఠినమైన పరిమితి ఉండడంతో, అక్కడ అమ్మే పరికరాలను తయారీదారులు సాధారణంగా పదకొండో ఛానెల్ దగ్గరే ఆపేస్తారు. అటువంటి పరికరానికి పన్నెండు, పదమూడు ఛానెళ్లలో నడుస్తున్న వైఫై ఉన్నట్టే తెలియదు. పక్కనే పెట్టినా తెలియదు, పాస్‌వర్డు వందసార్లు కొట్టినా తెలియదు.

మీ స్పీకరు అమెరికాలో కొన్నది. మీ ఫోన్లు ఇక్కడ కొన్నవి. ఒకే గదిలో ఫోనుకు అందుతున్న వైఫై స్పీకరుకు అందకపోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

ఇక రూటరు సంగతి. కంపెనీవాళ్లు ఇచ్చే రూటర్లలో ఛానెల్ ఎంపిక సాధారణంగా "ఆటో" మీద ఉంటుంది. మొదలైనప్పుడూ, కొన్ని రకాల్లో నడుమ నడుమ కూడా, చుట్టుపక్కల ఏ ఛానెల్ ఖాళీగా ఉందో అది చూసుకుని అక్కడికి మారుతుంది. ఈ రోజుల్లో వీధిలో ప్రతి ఇంటికీ ఒక రూటరు ఉంది, అవన్నీ ఎక్కువగా ఒకటి, ఆరు, పదకొండు ఛానెళ్ల మీద కిక్కిరిసి ఉంటాయి. పదమూడు ఖాళీగా కనిపించడం, మీ రూటరు అటు వెళ్లి కూర్చోవడం దాని మటుకు దానికి తెలివైన పనే. సంక్రాంతికి అది పదకొండు లోపు ఉన్నప్పుడు స్పీకరు కలిసింది. నాలుగో రోజు పైకి జరిగింది, స్పీకరు మూగబోయింది. కరెంటు పోయి వచ్చాక మళ్లీ కిందికి వచ్చింది, పాట వచ్చింది. మీరు రాసిన ప్రతి తేదీకీ ఈ ఊహ సరిపోతోంది.

అయినా ఇది ఊహే. దూరాన కూర్చుని ఉత్తరం చదివి చెబుతున్నది. దీన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై ఎనలైజర్ అన్న పేరుతో ఉచిత యాప్‌లు దొరుకుతాయి. ఒకటి వేసుకుని తెరిస్తే చుట్టుపక్కల ఉన్న వైఫైల పేర్లూ, ఒక్కొక్కటి ఏ ఛానెల్ మీద ఉందో ఆ అంకే కనిపిస్తాయి. లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఇవ్వండి, అది లేకపోతే ఆండ్రాయిడ్ ఆ వివరాలు చూపించదు. అందులో మీ ఇంటి పేరు రెండుసార్లు కనిపించవచ్చు. 36, 44, 149 వంటి పెద్ద అంకెలు ఉన్నది 5 గిగాహెర్ట్జ్ పట్టీ, దాన్ని వదిలేయండి. 1 నుంచి 13 లోపు అంకె ఉన్నదాన్ని చూడండి. స్పీకరు మూగబోయి ఉన్న రోజున అక్కడ 12 గానీ 13 గానీ ఉంటే దొంగ దొరికినట్టే. అలా కాక 1 నుంచి 11 లోపు అంకె ఉండి కూడా స్పీకరు కలవకపోతే నా ఊహ తప్పు. అప్పుడేం చేయాలో కిందికి వచ్చి చెబుతాను.

దొంగ దొరికితే చేయవలసింది ఒక్కటే. రూటరు సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లలో ఏది ఆ యాప్‌లో తక్కువ రద్దీగా కనిపిస్తే దాని మీద స్థిరంగా పెట్టాలి. ఈ మూడే ఎందుకంటే, ఛానెళ్ల మధ్య దూరం అయిదు మెగాహెర్ట్జ్ అయినా ఒక్కొక్క సిగ్నల్ ఇరవై మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది; ఒకదాని మీద ఒకటి పడకుండా అమరేవి ఈ మూడే. ఆ పక్కనే ఛానెల్ వెడల్పు అని ఉంటుంది, దాన్ని 20 మీద పెట్టించండి. సెట్టింగులు తెరవడానికి ఫోను బ్రౌజరులో 192.168.1.1 అని గానీ, రూటరు అడుగున అంటించిన కాగితం మీద ఉన్న అంకెలు గానీ కొట్టాలి. యూజర్ పేరూ పాస్‌వర్డూ కూడా చాలావాటికి ఆ కాగితం మీదే ఉంటాయి. కంపెనీ వాటిని మార్చి దాచి ఉంచితే, కుర్రాణ్ణి మళ్లీ పిలవండి. ఈసారి "స్పీకరు పనిచేయడం లేదు" అని చెప్పవద్దు; ఆ మాట చెప్పగానే అతని సమాధానం సిద్ధంగా ఉంటుంది. "2.4 ఛానెల్ ఆటో తీసి ఆరు మీద పెట్టండి, వెడల్పు ఇరవై చేయండి" అని మాత్రం చెప్పండి. అయిదు నిమిషాల పని. దీనివల్ల నష్టమేమీ లేదు గానీ, ఒక చిక్కు ఉంది. పొరుగింట్లో రేపు కొత్త రూటరు అదే ఛానెల్ మీదకు వస్తే మీది తప్పుకోదు, అప్పుడప్పుడు పాట కాస్త తడబడవచ్చు. అదీకాక కంపెనీవాళ్లు దూరం నుంచి రూటరును సరిచేసినా, కొత్తది ఇచ్చినా, ఈ అమరిక చెరిగిపోయి మళ్లీ ఆటోకు వెళ్లవచ్చు. రూటరు మీద ఒక కాగితం అంటించి "ఛానెల్ 6, మార్చవద్దు" అని తేదీతో సహా రాయండి.

ఇప్పుడు ప్లాన్ సంగతి. ఈ సలహా చాలా ఇళ్లలో వింటున్నాను, వినగానే కాస్త కోపం కూడా వస్తోంది. మీ అత్తగారు వినే రేడియో ప్రసారం 128 కేబీపీఎస్‌లో, అంటే సెకనుకు 128 కిలోబిట్ల వేగంతో వస్తుందనుకుందాం. గంటకు సుమారు 58 ఎంబీ అవుతుంది. ఇరవై నాలుగు గంటలూ ఆపకుండా విన్నా ఒకటిన్నర జీబీ దాటదు. మీ 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో అలాంటి ప్రసారాలు ఏకకాలంలో ఏడు వందలకు పైగా పట్టాలి. పెద్ద కాలువ పక్కన చెంబు నిండడం లేదంటే కాలువ వెడల్పు చేయమన్నట్టుంది ఆ సలహా. మీవారి పనికి 300 కావాలంటే తీసుకోండి, అది వేరే లెక్క. స్పీకరు కోసమైతే ఆ డబ్బు దండగ.

మీ ఉత్తరంలో ఒక మూల మరో ఫిర్యాదు ఉంది. పాడిన రోజుల్లో కూడా రాత్రి భోజనాల వేళ పాట తెగి తెగి వచ్చేదని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఇది వేరే జబ్బు. రెంటినీ కలిపి చూడడం వల్లే అందరూ తికమకపడ్డారని నాకనిపిస్తోంది. ఛానెల్ కుదిరాక కూడా ఇది మిగిలి ఉంటుంది, అప్పుడు మళ్లీ "ఏం బాగు చేశారు?" అన్న మాట పడేది మీరే కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

స్పీకరు వంటగది గోడకు ఆనుకుని ఉందనీ, గోడకు అటువైపు మైక్రోవేవ్ ఓవెన్ ఉందనీ రాశారు. ఆ ఓవెన్ పనిచేసేది 2450 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా ఈ వైఫై పట్టీ నడుమన. తలుపు మూసి ఉన్నా కొద్దిపాటి శక్తి బయటికి చిందుతుంది. మనిషికి హాని చేసేంత కాదు గానీ, స్లాబు దాటి సగం బలంతో దిగివచ్చిన వైఫై సిగ్నల్‌ను ముంచెత్తడానికి చాలు. తేల్చుకోవడం తేలిక. ఒక గిన్నెలో నీళ్లు పెట్టి రెండు నిమిషాలు ఓవెన్ తిప్పండి. ఆ రెండు నిమిషాలే పాట తెగి, గంట మోగగానే కుదుటపడితే కారణం అదే. స్పీకరును ఎదురు గోడకు జరిపితే చాలా మటుకు తగ్గుతుంది. ఓవెన్‌తో సంబంధం లేకుండా రాత్రి ఏడు నుంచి పది దాకా తెగుతూనే ఉంటే అది పొరుగు వైఫైల రద్దీ, మీ సిగ్నల్ బలహీనత.

బలహీనత అంటే గుర్తొచ్చింది, ఆ గదిలో ఇనుప బీరువా ఎక్కడుందో మీరు రాయలేదు. మా ఇంట్లో ఒకసారి స్పీకరు తెగి తెగి పాడుతోందని స్క్రూడ్రైవరుతో విప్పేసి, లోపల ఏమీ కనిపించక మళ్లీ బిగించి, రెండు స్క్రూలు మిగిల్చుకుని, చివరికి తెలుసుకున్నదేమిటంటే, పండగకు గది సర్దినప్పుడు బీరువాను రూటరుకూ దానికీ నడుమకు జరిపాం. ఇటుక గోడ సిగ్నల్‌ను తగ్గిస్తుంది, సిమెంటు స్లాబు లోపలి ఇనుప చువ్వలతో ఇంకా తగ్గిస్తుంది, ఇనుప బీరువా చాలా మటుకు అడ్డుకుంటుంది. ఎనలైజర్ యాప్‌లో మైనస్ గుర్తుతో ఒక అంకె కూడా కనిపిస్తుంది, అది సిగ్నల్ బలం. స్పీకరు ఉన్న చోట నిలబడి చూస్తే అది మైనస్ 60 దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు, మైనస్ 75 దాటి మైనస్ 80 వైపు వెళితే నమ్మడానికి లేదు. బీరువా పక్కకు జరిపి ఆ అంకె మారుతోందేమో చూడండి.

జరపడాలతో కుదరకపోతే రెండు దారులున్నాయి. మెట్ల దగ్గర ప్లగ్గుకు ఒక వైఫై ఎక్స్‌టెండర్, అంటే రూటరు సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ముందుకు పంపే పరికరం, పెట్టుకోవడం ఒకటి. చౌక, తీగ పని లేదు. దాని వల్ల వేగం సగానికి పడిపోయినా పాటకు అడ్డు రాదు గానీ, దానికీ కరెంటు పోయి రావడాలూ, రూటరును మళ్లీ వెతుక్కోవడాలూ ఉంటాయి, అంటే తంటా పెట్టే వస్తువు ఇంకొకటి పెరుగుతుంది. రెండోది, పై నుంచి కిందికి ఒక ల్యాన్ కేబుల్ దింపి అత్తగారి గది పక్కన మీ పాత కేబుల్ నెట్ రూటరును తగిలించడం. దాన్ని మీరు సొంతంగా కొన్నానని రాశారు, అటక మీదే ఉండి ఉంటుంది. దానిలో పరికరాలకు నెట్‌వర్కు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ అన్న అమరికను ఆపి, తీగను ఇంట్లోని పరికరాలు తగిలించే ల్యాన్ రంధ్రానికే పెట్టాలి. బయటి నెట్ వచ్చే వ్యాన్ రంధ్రానికి పెడితే ఇంట్లో రెండు నెట్‌వర్కులు ఏర్పడి, పై గదిలో ఉన్న ఫోనుకు కింద ఉన్న స్పీకరు కనిపించదు. వైర్‌మ్యాన్ కూలీ, కేబుల్ ఖర్చూ ఉంటాయి, గోడకు కన్నం పడుతుంది. అయినా ఒకసారి చేస్తే మళ్లీ చూడనక్కర లేని పని ఇది. నా ఇల్లయితే నేను ఇదే చేస్తాను. కంపెనీ రూటరులోకి పోలేకపోయినా ఈ దారి పనికొస్తుంది, ఎందుకంటే పాత రూటరు ఛానెల్ మీ చేతిలో ఉంటుంది.

ఇంకో చిన్న లాభం కూడా ఉంది. ఏ పరికరమైనా గుర్తుపెట్టుకునేది వైఫై పేరునూ పాస్‌వర్డునే. రూటరు ఏ కంపెనీదో దానికి పట్టదు. నవంబరులో కొత్త రూటరుకు పాత పేరూ పాత పాస్‌వర్డూ, పెద్ద చిన్న అక్షరాలతో సహా, అలాగే పెట్టించి ఉంటే మీ మేనల్లుడి అర్ధరాత్రి ప్రయాస ఉండేదే కాదు. ఇకముందు ఏ కనెక్షన్ మార్చినా ఇది గుర్తుంచుకోండి.

ఛానెల్ అంకె మామూలుగానే ఉండి కూడా స్పీకరు కలవడం లేదంటే, రూటరులో రెండు పట్టీలకూ ఒకే పేరు ఉండి పరికరాలను అటూ ఇటూ తోసే అమరిక ఆన్‌లో ఉందేమో చూడాలి. దాన్ని ఆపించి, 2.4కు వేరే పేరు కాక ఇప్పుడున్న పేరే ఉంచి, 5కు మాత్రం కొత్త పేరు పెట్టించండి; అప్పుడు స్పీకరును ముట్టుకోనక్కర లేదు, ఫోన్లను మాత్రం మళ్లీ కలుపుకోవాలి. వైఫై భద్రతా పద్ధతుల్లో పాతదైన డబ్ల్యూపీఏ2, కొత్తదైన డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి ఉంటే ఒట్టి డబ్ల్యూపీఏ2 మీద పెట్టించి చూడవచ్చు. మూడోది, రూటరు స్పీకరుకు ఎప్పుడూ ఒకే నెట్‌వర్కు చిరునామా ఇచ్చేలా కట్టేయడం. మీ ఇంటి వ్యవహారంలో ఇవి వెనక వరుస అనుమానితులు.

దీపం రంగును కూడా గమనిస్తూ ఉండండి. నారింజ రంగు కొట్టుకుంటుంటే వైఫై దొరకలేదనుకోవచ్చు. దీపం నిలకడగా వెలుగుతూ ఒక బటన్ పాడక మిగతావి పాడుతుంటే వైఫై బాగానే ఉంది, నెట్‌లో ఆ స్టేషన్ చిరునామా మారి ఉంటుంది. పాత పరికరాలకు ఇది తప్పదు. 2021 సెప్టెంబరు 30న, వెబ్‌సైట్లు అసలైనవేనని పరికరాలకు హామీ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రాలకు ఆధారమైన ఒక పాత మూలపత్రం గడువు తీరినప్పుడు, కొత్తది ఎక్కించుకోని పరికరాలు ఎన్నో వైఫై ఉండి కూడా మూగబోయాయి. అటువంటి రోజున రూటరుతో కుస్తీ పట్టవద్దు.

రీసెట్ గురించి అడిగారు. రీసెట్ అంటే ఆరు బటన్ల అమరికా, వైఫై పేరూ, మీ మరిది గారి ఖాతాతో ఉన్న ముడీ అన్నీ చెరిగిపోవడం. చెరిపాక మళ్లీ రాయాలంటే ఆయన మెయిలుకు కోడ్ రావాలి, ఆయన మేలుకుని ఉండాలి, ఆ యాప్ మీ ఇప్పటి ఫోనులో నడవాలి. మీ స్పీకరుకు ఇంటి వైఫై వివరాలు ఇప్పటికే సరిగ్గా తెలుసు అన్నది పైన చూశాం. తెలిసినదాన్ని చెరిపించి మళ్లీ నేర్పించడం వల్ల పదమూడో ఛానెల్ కనబడదు. కాబట్టి ఇది ఆఖరి దారిగా ఉంచండి. చేసే పక్షంలో ముందుగా ఏ బటన్‌కు ఏది ఉందో కాగితం మీద రాసుకుని, ఖాతాను మీ మెయిలుకు మార్పించుకున్న తర్వాతే చేయండి.

మీ వారి రేడియో మాటను కొట్టిపారేయకండి. వైఫై లేకపోయినా, నెట్ కంపెనీ పనిచేయకపోయినా అది పాడుతుంది, గుండ్రని మర తిప్పడం ఆవిడకు ఏనాటి నుంచో అలవాటు. కాకపోతే రెండో బటన్, మూడో బటన్ అందులో ఉండవు; గదిలో ఎల్‌ఈడీ బల్బులూ ఛార్జర్లూ ఉంటే మీడియం వేవ్ గరగరలాడవచ్చు. కొంటే ఈ పెట్టెకు బదులుగా కాక, పక్కన తోడుగా కొనండి. మాట చెబితే పాడే కొత్త రకం స్పీకర్లు కొనాలనుకుంటే, షాపులోనే మీ అత్తగారు మాట్లాడే తెలుగులో ఒక పాట అడిగి చూసి, అది అర్థం చేసుకుంటేనే డబ్బు ఇవ్వండి. మధ్యలో తాత్కాలికంగా బ్లూటూత్ ఉంది. మీ పాత ఫోను ఒకటి ఆ గదిలోనే ఛార్జింగుకు పెట్టి, ప్రసార భారతి వారి న్యూస్ఆన్ఎయిర్ యాప్ వేసి స్పీకరుకు కలపవచ్చు. స్పీకరు వైఫైతో దీనికి పని లేదు, కాబట్టి ఇవాళే మొదలుపెట్టవచ్చు. బటన్లు పనిచేయవు, స్టేషన్ మార్చాలంటే ప్రతిసారీ మీరో మనవడో వెళ్లాలి, అంతే. సిమ్ ఉన్న ఫోను మాత్రం పెట్టకండి; కీర్తన మధ్యలో లోను కావాలా అని అడిగే ఫోన్లు ఆవిడ చెవిలో మోగుతాయి.

మీ మరిది గారి విషయానికి వస్తే, ఆయన అన్న మాట నొప్పించేదే. అయితే ఆయన వైపు నుంచి చూస్తే, తాను ఏరి కొని మోసుకొచ్చిన వస్తువు అమ్మ గదిలో మూగగా పడి ఉంది, చేయి చాచితే అందని దూరంలో. ఆయన చెప్పిన ప్రతి మెట్టూ ఆయన ఇంట్లో పనిచేసేదే. అక్కడి రూటరు పన్నెండు, పదమూడు ఛానెళ్ల జోలికి పోదు కాబట్టి ఈ అనుమానం ఆయనకు తట్టే అవకాశమే లేదు. మీరు చెప్పింది చేయకపోవడం కాదు, ఆయన చెప్పినదానితో తీరే చిక్కు కాదది. ఈ సంగతి వీడియో కాల్‌లో వాదించి చెప్పడం కంటే, స్పీకరు మూగబోయిన రోజు ఎనలైజర్ తెర ఫొటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపి, "ఇది పదమూడు మీద ఉంది, మీ స్పీకరు పదకొండు దాకానే వింటుందట, నిజమేనా?" అని అడగడం మంచిది. దానితో పాటు ఖాతాను మీ పేరు మీదకు మార్చమని కూడా అడగండి. ఆయనను దూరం పెట్టడానికి కాదు, మరోసారి అర్ధరాత్రి లేపకుండా ఉండడానికని చెప్పండి. ఆయన ఒప్పుకోవచ్చు, లేదా తానే చూసుకుంటాననవచ్చు. అలా అంటే కోడ్ ఏ వేళకైనా అందేలా చూసే బాధ్యత ఆయనది అవుతుంది, ఆ మాట ముందే అనుకోవడం ఇద్దరికీ మేలు.

కరెంటు కోతల సంగతి ఒకటి మిగిలింది. కరెంటు రాగానే స్పీకరు అర నిమిషంలో లేస్తుంది, ఫైబర్ రూటరు లేచి నెట్ అందుకునేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపు వెతికి వెతికి ఊరుకునే స్పీకర్లున్నాయి. రూటరుకు సరిపడే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, రూటరు అడాప్టరు మీద 12 వోల్టులు అని ఉందో లేదో, ఎన్ని ఆంపియర్లో చూసుకుని తీసుకోండి. వద్దనుకుంటే, కరెంటు వచ్చిన అయిదు నిమిషాలకు స్పీకరు ప్లగ్గు ఒకసారి తీసి పెట్టడమే.

ఛానెల్ మార్పించాక ఒక నెల పాటు ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి, ఆ పనికి మీ అత్తగారిని మించినవారు మీ ఇంట్లో లేరు. "ఎప్పుడు ఆగిందండీ?" అని మీరు అడిగితే గడియారం చూసి చెప్పలేకపోవచ్చు గానీ, భక్తిరంజని మధ్యలో ఆగిందో, వార్తలు అయ్యాక ఆగిందో, మీరు వంటగదిలో ఓవెన్ పెట్టినప్పుడు తెగిందో ఆవిడ ఠక్కున చెప్పగలరు. రోజూ రాత్రి పళ్లెం తీసేటప్పుడు అడిగి, క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాసి పెట్టండి. నెల తర్వాత కూడా చిక్కు ఉంటే ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి.